వోహీచ్ గానే!

మా వరంగల్‌లో ఒక ఖాందాన్ ఉంది. పేరు అవసరం లేదు. 2018 నుంచి 2023 దాకా వాళ్ళింట్లో జరిగిన 11 ఫంక్షన్లకు నేనే డీజే. ముగ్గురు అన్నదమ్ముల షాదీలు, అంటే మూడు మెహందీలు, మూడు బారాత్‌లు, మూడు వలీమాలు. నడుమ ఒక పిల్లాడి బిస్మిల్లా, ఒక బర్త్‌డే. ప్రతిసారీ అవే మొహాలు. అవే ఖాలాలు, అవే ఫుప్పూలు, స్టేజీ ముందర ఎగిరే అదే నలభై మంది పోరగాళ్ళు.

కొత్త గిరాకీ దగ్గర పాటలు వేయడం చాలా ఆసాన్. వాళ్ళకు నేను కొత్త, నా పెట్టెలు కొత్త, లైట్లు కొత్త. ఏ పాటేసినా వాహ్ వాహ్ అంటారు. పిలిచినవాళ్ళే మళ్ళీ పిలిచినప్పుడు అసలు ఇమ్తెహాన్ మొదలవుతుంది. రెండోసారి బాగానే ఉంటుంది. మూడోసారికి పిల్లలు ఈ పాట తర్వాత ఏది వస్తుందో ముందే చెప్పేస్తారు. నాలుగోసారికి వెనక కుర్చీలోంచి ఎవరో ఒక మామూజాన్ అంటాడు, "క్యా రే బేటా, వోహీచ్ గానే?"

ఆ మాట నవ్వుతూనే అంటారు. కానీ దాని వెనక రోజీ ఉంది. ఒక రాత్రికి 25 వేలు మాట్లాడుకుంటే డీసీఎం కిరాయి, జనరేటర్ డీజిల్, ఇద్దరు పిల్లల కూలీ, రిపేర్లు పోను నా చేతిలో మిగిలేది ఎనిమిది, తొమ్మిది వేలు. ఒక ఖాందాన్ పోయిందంటే ఒక్క ఫంక్షన్ పోవడం కాదు, వాళ్ళ రిష్తేదార్‌ల ఫంక్షన్లన్నీ పోతాయి. ఆ ఇంటి రెండో షాదీకి ముందు చిన్న తమ్ముడు ఫోన్ చేసి, "భాయ్, బురా మత్ మానో. మీ సౌండ్‌కు ఏం వంక లేదు. పాటలే మాకు నోటికొచ్చేసినయ్. ఈసారి వేరే ఆయనను చూద్దామంటున్నరు" అన్నాడు. ఒక వారం టైమ్ ఇవ్వమన్నాను. ఆ వారంలో నేను చేసిన పని గురించే ఈ ముచ్చట.

అందరూ ఇచ్చే సలహా ఒకటే: కొత్త పాటలు దింపు. కొత్త పాటల కొరత ఎక్కడుంది? డీజేల టెలిగ్రామ్ గ్రూపుల్లో వారం వారం రీమిక్స్‌ల మూట వచ్చి పడుతుంది. తీన్‌మార్ మిక్స్, రోడ్ షో మిక్స్, బేస్ బూస్ట్. అదే మూట వరంగల్‌లో నాకూ వస్తుంది, ఖమ్మంలో ఇంకొకరికీ, కరీంనగర్‌లో ఇంకొకరికీ వస్తుంది. అందరూ అదే పెన్‌డ్రైవ్ పెడితే శుక్రవారం ఒక ఫంక్షన్ హాల్లో విన్నదే ఆదివారం ఇంకో హాల్లో వింటారు. పాట నిన్న పుట్టిందే కావచ్చు, వాళ్ళ చెవులకు అప్పటికే బాసీ అయిపోయి ఉంటుంది. కాబట్టి తాజా పాట అంటే నా లెక్క వేరు. ఈ మెహఫిల్‌లో, ఈ మనుషుల ముందు, ఈ మధ్య మోగని పాట. అది 1957 నాటిదైనా సరే.

ఈ లెక్క నాకు అబ్బా దగ్గర నుంచి వచ్చింది. అబ్బా బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవాడు. ఆయనకు వచ్చిన ధున్‌లు నలభైకి మించవు. ఆ నలభైతోనే ముప్ఫై ఏళ్ళు ఇల్లు నడిపాడు. మండీబజార్ గల్లీల్లో ఒకే సీజన్‌లో నాలుగైదు బారాత్‌లు తిరిగేవి, వినేవాళ్ళు కూడా ఆ గల్లీవాళ్ళే. అబ్బా మొన్న ఏ ఇంటి ముందు ఏది వాయించాడో యాద్ పెట్టుకునేవాడు. 'నయా దౌర్'లో రఫీ పాడిన 'యే దేశ్ హై వీర్ జవానోం కా' మొన్న గల్లీ మొదట్లో వాయిస్తే, ఈసారి మలుపు దగ్గర అందుకునేవాడు. మస్జిద్ వచ్చేసరికి బ్యాండ్ ఖామోష్. ఏ ఇంట్లోనైనా మయ్యత్ అయ్యి నలభై రోజులు కాలేదంటే ఆ గుమ్మం దాటేదాకా ఒట్టి అడుగుల చప్పుడే. ఇదంతా ఆయన కాగితం మీద రాసుకోలేదు. నాకంత యాదాష్త్ లేదు. అందుకే కాపీ పెట్టుకున్నాను.

రెండొందల పేజీల మామూలు స్కూల్ కాపీ. ఫంక్షన్‌కు ఒక పేజీ. తారీఖు, హాల్ పేరు, ఎవరి తరఫు, ఎంతమంది. మొదటి పాట, ఆఖరి పాట. ఏ పాటకు ఫ్లోర్ నిండింది, దేనికి ఖాళీ అయింది. ఎవరు ఏం ఫర్మాయిష్ చేశారు. లాప్‌టాప్‌లో వర్చువల్ డీజే కూడా ఏ పాట ఎన్ని గంటలకు వేశానో హిస్టరీ దాస్తుంది. కానీ పాట మోగుతున్నప్పుడు ఎవరు లేచారు, ఎవరు కుర్చీ వెనక్కు జరుపుకున్నారు అనేది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అది నేను తల ఎత్తి చూడాలి. రాత్రి సామాను డీసీఎంలో ఎక్కించేటప్పుడు, పిల్లలు కేబుళ్ళు చుట్టేలోపల, ఫోన్ టార్చ్ వెలుతురులో రాసుకుంటాను. పొద్దున రాద్దామంటే సగం మరిచిపోతాను.

ఆ వారంలో ఆ ఖాందాన్ మూడు పేజీలూ ముందేసుకుని కూర్చున్నాను. హిసాబ్ ఇట్లా తేలింది. బారాత్‌లో నాకు దొరికేది గంటన్నర. బయట సౌండ్ రాత్రి పదింటికి ఆపాల్సిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు, దానిమీద 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, గల్లీ చివర నిలబడిన కానిస్టేబుల్, ముగ్గురూ ఒకటే చెబుతారు. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పదికి బంద్. ఒక్కో పాట రెండు నిమిషాలకు మించి నడపం కాబట్టి మొత్తం 45 పాటలు. ఈ 45 అన్నీ మార్చేస్తే ఎట్లుంటుందని చూస్తే, దాదీమా మొహం కళ్ళ ముందుకొచ్చింది. మనవడు గుర్రం ఎక్కేటప్పుడు ఆమెకు 'ఆజ్ మేరే యార్ కీ షాదీ హై' వినబడాలి. అది లేకపోతే ఆమె లెక్కలో బారాత్ బయల్దేరనట్టే. వోహీచ్ గానే అని గొణిగిన మామూజాన్ కూడా ఆ పాట రాకపోతే ముందుగా అడిగేవాడు.

కాబట్టి 45ను మూడు వాటాలు చేశాను. పదిహేను పాటలు రస్మ్ పాటలు. ఇవి మారవు. గుర్రం ఎక్కేటప్పుడు ఒకటి, గేటు దగ్గర ఒకటి, పెళ్ళికొడుకు దోస్తులు భుజాల మీద ఎత్తుకునేటప్పుడు ఒకటి. ఇరవై పాటలు తిప్పే పాటలు. పాట అదే ఉంటుంది, జాగా మారుతుంది, అందాజ్ మారుతుంది. పోయినసారి రీమిక్స్ వేస్తే ఈసారి ఒరిజినల్. పోయినసారి తీన్‌మార్ తర్వాత వచ్చిన పాట ఈసారి మర్ఫా తర్వాత వస్తుంది. మిగిలిన పది ఖాలిస్ కొత్తవి. అందులో నాలుగో, ఐదో ఫెయిలవుతాయని ముందే అనుకుంటాను. ఫెయిలైన పాటను ముప్పై సెకన్లలో మార్చేయడానికి పక్కనే ఒక పక్కా పాట సిద్ధంగా పెట్టుకుంటాను.

తిప్పే పాటల పని పైకి కనబడదు గానీ మెహనత్ అంతా అక్కడే. తీన్‌మార్ నడక ఆరు మాత్రలది. ఇంగ్లిష్ క్లబ్బు బీటు నాలుగు మాత్రలది. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారుదామంటే కాళ్ళు తడబడతాయి. నడుమ ఒట్టి డప్పు ఒక ఎనిమిది దెబ్బలు వదిలి, ఒక క్షణం ఖామోషీ ఇచ్చి, అప్పుడు దింపాలి. మర్ఫా ఈ పనికి బాగా వస్తుంది. నిజాం ఫౌజులో ఉన్న హబ్షీలు, అరబ్బులు తెచ్చిన బాజా అది. హైదరాబాద్ బార్కస్ నుంచి మా దాకా వచ్చింది. మా షాదీల్లోనూ మోగుతుంది, తెలుగోళ్ళ పెళ్ళిళ్ళలోనూ మోగుతుంది. మర్ఫా పడిందంటే తర్వాత వచ్చే పాట ఎంత పాతదైనా కొత్త బట్టలు తొడుక్కుని వచ్చినట్టుంటుంది.

ఇంకో సంగతి కూడా కాపీ చూస్తేనే తెలిసింది. ప్రతి షాదీలో సగం మంది కొత్తవాళ్ళే. అవతలి తరఫు వాళ్ళు నన్ను ఎప్పుడూ వినలేదు. పాటలు నోటికొచ్చింది ఆ నలభై మంది పోరగాళ్ళకే. వాళ్ళకు రీల్స్‌లో వచ్చే ముక్క చాలు, పల్లవి రెండుసార్లు పడగానే తర్వాతి పాట మీదికి మనసు పోతుంది. పెద్దవాళ్ళకు చరణం కూడా కావాలి. అందుకే కొత్త పది పాటలూ పోరగాళ్ళ మిజాజ్ చూసి పెడతాను, నిమిషంన్నరలో దాటేస్తాను. పాత పాటలను మాత్రం తీరిగ్గా నడవనిస్తాను.

చిన్న తమ్ముడికి ఫోన్ చేసి ఈ హిసాబ్ మొత్తం చెప్పాను. "ఇవన్నీ రాసిపెట్టుకుంటరా భాయ్?" అని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, మీరే రండి. కానీ మా భయ్యా షాదీలో గేటు కాడ వేసినదే నా భాయ్ షాదీలో గేటు కాడ వేయొద్దు" అన్నాడు. అది కూడా రాసుకున్నాను.

పాటను బీడు పెట్టడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మా ఊళ్ళల్లో రైతులు చెల్కకు ఒక ఏడు విశ్రాంతి ఇస్తారు కదా, అట్లా. 2021 ఆగస్టులో ఒక పెళ్ళికూతురు బారాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు డాన్స్ చేసిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ పాట లేకుండా ఒక్క బారాత్ నడవలేదు. కొన్ని రాత్రులు మూడుసార్లు వేశాను. సీజన్ అయిపోయేసరికి పాట పేరు చెబితేనే పిల్లలు మొహం తిప్పుకున్నారు. దాన్ని తీసి పక్కన పెట్టేశాను. 'నాటు నాటు'ను కూడా 2022 చివర్లో బీడు పెట్టాను. 2023 మార్చిలో దానికి ఆస్కార్ వచ్చింది. ఆ వారమే ఒక చీరల ఫంక్షన్‌లో ఒక నానమ్మ దగ్గరకొచ్చి, "గా ఇనాం వచ్చిన పాట వెయ్యి బిడ్డా" అంది. బీడు భూమిలో వాన పడ్డట్టయింది. పాటను చంపకుండా పక్కన పెడితే ఎప్పుడో ఒకప్పుడు దాని మోసమ్ మళ్ళీ వస్తుంది.

నాకు బీడు నెల రంజాన్. ఆ నెలంతా గోడౌన్ షటర్ దించే ఉంటుంది. ముహర్రంలో మా షాదీలుండవు. తెలుగోళ్ళకు ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు. మన హిజ్రీ సాలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ రెండు క్యాలెండర్లు ఒక్కో ఏడు ఒక్కో తీరుగా కలుస్తాయి. సీజన్ మధ్యలో ఈ ఖాళీలు లేకపోతే నా చెవులే ముందు చచ్చిపోయేవి. నెలరోజులు ఏ పాటా వినకుండా ఉండి, ఈద్ అయినంక షవ్వాల్‌లో మొదటి మెహందీకి పోతే, వందసార్లు వేసిన పాట కూడా నాకే కొత్తగా వినబడుతుంది. నాకు విసుగొచ్చిన పాట వినేవాళ్ళకు విసుగు రాలేదేమో అని అప్పుడే ఆలోచిస్తాను. రెండూ ఒకటి కావు. నేను ఒక పాటను సీజన్‌లో ముప్ఫైసార్లు వింటాను. ఆ ఇంటివాళ్ళు ఒక్కసారే వింటారు.

రాత్రి మధ్యలో అజాన్ వస్తుంది. ఇషా అజాన్ మొదలవగానే ఫేడర్ కిందికి. ఇది తెలుగోళ్ళ ఫంక్షన్‌లోనైనా నా పద్ధతి, ఇప్పటిదాకా ఎవరూ ఏమనలేదు. ఆ మూడు, నాలుగు నిమిషాల్లో జనం నీళ్ళు తాగుతారు, చెమట తుడుచుకుంటారు. అంతకుముందు ఏ వేగం మీద ఉన్నామో వాళ్ళ కాళ్ళు మరిచిపోతాయి. అజాన్ అయ్యాక నేను మళ్ళీ అదే వేగం అందుకోను. ఒక మెట్టు కిందికి దిగి, నెమ్మది పాటతో మొదలుపెడతాను. అక్కడి నుంచి రెండో రాత్రి మొదలైనట్టుంటుంది.

ఆ ఖాందాన్ రెండో మెహందీలో ఇంకో పని చేశాను. గంట నడిచాక పెట్టెలు బంద్ చేసి, మైకు తీసుకెళ్ళి జనానా వైపు పంపించాను. ఢోలక్ ఆ ఇంట్లోనే ఉంది, అటక మీద నుంచి దింపించాను. దక్కన్‌లో షాదీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాడే ఢోలక్ కే గీత్ మీకు తెలిసే ఉంటాయి. సమ్ధన్‌ను ఏడిపించే పాటలు, దుల్హాను ఆటపట్టించే పాటలు. మొదట ఎవరూ నోరు తెరవలేదు. తర్వాత దాదీమా అందుకుంది, పెద్ద ఫుప్పూ ఢోలక్ మీద చెంచాతో తాళం వేసింది. ఇరవై నిమిషాలు నా అవసరమే లేదు. ఆ ఇంటి పిల్లలు దాదీమా పాడగా అంతకుముందు వినలేదట. అరవై ఏళ్ళ నాటి పాటలు ఆ రాత్రి ఆ హాల్లో అన్నిటికన్నా కొత్తవి. కాపీలో రాసుకున్నాను: 'మెహందీ, 9 గంటలకు, మైకు దాదీమాకు.' మూడో మెహందీలో వాళ్ళే ఢోలక్ తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నారు.

ఆ ఇంట్లో ఒక చాచా ఉండేవాడు. ప్రతి ఫంక్షన్‌కు ఆయన ఫర్మాయిష్ ఒకటే, 'ఝూమ్ బరాబర్ ఝూమ్'. 1974లో '5 రైఫిల్స్' సినిమాకు అజీజ్ నాజా పాడిన ఖవ్వాలీ. పాట షరాబ్ గురించి, చాచా జిందగీలో చాయ్ తప్ప ఏదీ ముట్టలేదు. డాన్స్ కూడా చేసేవాడు కాదు. కుర్చీ తెచ్చి స్పీకర్ పక్కన వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టేవాడు. పోరగాళ్ళు నవ్వేవాళ్ళు. ఆరు ఫంక్షన్లలో ఆరుసార్లు వేశాను. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఆయన పోయాడు. జనాజాకు పదిమంది కూడా లేరని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి ఏడు వాళ్ళింట్లో బర్త్‌డే. పాత పేజీలు తిరగేస్తుంటే ఆ పాట కింద గీత కనబడింది. వేస్తే ఇల్లంతా ఏడుస్తుందేమో. వేయకపోతే ఆయన్ను నేను కూడా మరిచిపోయానని ఎవరైనా అనుకుంటారేమో. మయ్యత్ ఇంటి ముందు అబ్బా బ్యాండ్ ఆపేవాడు, కానీ నలభై రోజులు దాటాక ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో నాకు చెప్పలేదు. పాట పక్కన 'అడిగితేనే' అని రాసి పెట్టుకున్నాను. ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

2023లో మూడో షాదీ. మెహందీ రాత్రి తొమ్మిదిన్నరకు ఒక చిన్నపిల్ల నా టేబుల్ దగ్గరకొచ్చి చిట్టీ ఇచ్చింది. పెన్సిల్‌తో ఉర్దూలో రాసి ఉంది. చాచీ పంపింది. పాట పేరు, కింద 'పూరా' అని ఒక్క మాట. అంటే మొత్తం వేయమని. నా దగ్గర దాని రీమిక్స్‌లు నాలుగున్నాయి. ఒరిజినల్ తీశాను. మధ్యలో కోయలేదు, బేస్ పెంచలేదు, లైట్లు తిప్పలేదు. డాన్స్‌కు ఎవ్వరూ లేవలేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటే చప్పట్లు మొదలుపెట్టారు. చాచీ జనానా పర్దా పక్కన నిలబడి పాట అయ్యేదాకా విన్నది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. నేను వెంటనే ఏం వేయాలో తెలియక పది సెకన్లు ఆగాను. చిన్న తమ్ముడే చేత్తో సైగ చేశాడు, తీన్‌మార్ అని. వేశాను. అందరూ లేచారు.

ఆ పాట ఇప్పుడు ఆ ఇంటి రస్మ్ పాటల్లో చేరింది. ఇంకెక్కడా నేను దాన్ని నా అంతట నేను వేయను. వోహీచ్ గానా అని ఆ ఇంట్లో దాన్ని ఎవరూ అనరు.

మా షాదీల్లోనే కాదు, బతుకమ్మకు కూడా ఇదే లెక్క. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, హన్మకొండలో ఒకే కాలనీ, అవే అక్కలు, అవే పాటలు. మొదటి ఏడు నేను రీమిక్స్‌లు తీసుకెళ్తే ఒక పెద్దమ్మ, "గివి వద్దు బిడ్డా, చప్పట్లకు తగ్గట్టు ఉండాలె" అంది. నిజమే, వాళ్ళ కాళ్ళు చప్పట్ల వెంట నడుస్తాయి. పాటలు మార్చకుండా రోజుకొక వరస మార్చాను. కొత్త కోడళ్ళు వచ్చిన రోజు వాళ్ళ పుట్టింటి వైపు పాట ఒకటి వెతికి వేశాను. గట్టి బీటు సద్దుల నాటి ఆఖరి అరగంటకే ఉంచాను. ఆ కాలనీ కాపీలో తొమ్మిది పేజీలు తీసుకుంటుంది. తొమ్మిదిట్లోనూ మొదటి పాట ఒకటే.

డీజే మీద మాట పడని దినం లేదు. మాలో కొందరు ఖాజీ సాబ్‌లు డీజే ఉంటే నికా చదవమంటున్నారు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతాల ఊరేగింపుల్లో డీజే సౌండ్‌నే బంద్ చేశారు. గుండె జబ్బున్నవాళ్ళ గల్లీలో బేస్ పెట్టెలు అద్దాలు అదిరేలా మోగించడం నాకూ నచ్చదు. నేను రెండు బేస్ పెట్టెలు తగ్గించి రెండేళ్ళయింది. సౌండ్ తగ్గిస్తే పాట ఎంపిక దాచుకోవడానికి జాగా ఉండదు. పాట సరిగ్గా లేకపోతే వెంటనే తెలిసిపోతుంది. గిరాకీ తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

నా దగ్గర పనిచేసే ఒక షాగిర్ద్ ఈ ఏడు సొంతంగా పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "ఉస్తాద్, మీ కాపీ ఒకసారి ఇస్తరా, జిరాక్స్ తీసుకుంట" అన్నాడు. పాటల హార్డ్‌డిస్క్ మొత్తం ఇచ్చాను. కాపీ ఇవ్వలేదు. అందులో ఇళ్ళ సంగతులుంటాయి, ఎవరి ఇంట్లో ఎవరు లేరో ఉంటుంది. పైగా నా గిరాకీల పేజీలు అతని గిరాకీలకు పనికిరావు. పక్క దుకాణంలో రెండొందల పేజీల కొత్త కాపీ కొనిచ్చాను. మొదటి పేజీలో తారీఖు వేసి ఇచ్చాను.

వచ్చే నెల ఆ ఖాందాన్‌లో పన్నెండో ఫంక్షన్ ఉంది. మూడో తమ్ముడి కూతురు అకీఖా. ఇంట్లోనే, పెద్ద పెట్టెలు వద్దన్నారు, రెండు చిన్నవి చాలన్నారు. ముప్ఫై పాటలు రాసుకున్నాను, పది గీతలు ఖాళీగా ఉన్నాయి. చాచీకి ఫోన్ చేసి అడగాలి, ఆ పాట ఈసారి ఉండాలా వద్దా అని.